ఆన్‌లైన్‌లో వంటకత్తి కొనుగోలు – నాణ్యత, వయోపరిమితి, చట్టం

ఒకప్పుడు వంటింటికి కత్తి కావలెనంటే కమ్మరి కొలిమికో, వారపు సంతకో వెళ్లవలసి వచ్చేది. వేలూరు లాంగ్ బజారులో గాని, గుడియాత్తం అంగళ్లలో గాని కత్తిని చేతబట్టి, బరువు చూసి, పదును పరీక్షించి, బేరమాడి కొనేవారు. కొనవచ్చినది ఎవరో అంగడివానికి కనిపించేది. పసివాడు వచ్చి పెద్దకత్తి అడిగితే "మీ నాయనను పిలుచుకొని రా" అని తిప్పి పంపేందుకు అక్కడ ఒక మనిషి ఉండేవాడు.

నేడు సరిహద్దు గ్రామాలకు కూడా కత్తి పార్శిలులో వస్తున్నది. సెల్‌ఫోనులో బొమ్మ చూసి, వేలితో నొక్కితే నాలుగు రోజులలో వాకిటికి చేరుతున్నది. ఇందులో సౌకర్యం ఉన్నది. అయితే రెండు లోట్లు కూడా ఉన్నవి. వస్తువును చేతబట్టి చూసే వీలు పోయినది. కొనేవారిని గమనించే కన్ను పోయినది. మొదటి లోటును వివరాలు చదివి తీర్చుకోవచ్చును. రెండవ దానిని తీర్చవలసినది ఇంటి పెద్దలే. ఎందుకో ఈ వ్యాసం చివరికి తెలియగలదు.

అలుగు, ఉక్కు, పిడి

కత్తికి ప్రాణం అలుగులోని ఉక్కు. వంటకత్తులలో ప్రధానంగా రెండు రకాల ఉక్కు వాడుకలో ఉన్నది. మొదటిది కార్బన్ ఉక్కు. ఇది త్వరగా పదునెక్కుతుంది, కాని తడి తగిలితే తుప్పు పడుతుంది. చింతపండు, నిమ్మకాయ వంటి పులుపు తగిలితే నల్లబడుతుంది. వాడిన వెంటనే కడిగి, తుడిచి, అప్పుడప్పుడు నూనె రాయవలెను. రెండవది స్టెయిన్‌లెస్ ఉక్కు. ఇందులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. అది గాలి తగిలినప్పుడు పైన కంటికి కనబడని పలుచని పొరగా ఏర్పడి తుప్పును అడ్డుకొంటుంది.

"స్టెయిన్‌లెస్" అన్న ఒక్క మాట చాలదు. చెంచా కూడా స్టెయిన్‌లెస్ ఉక్కుదే, కాని దానికి పదును నిలువదు. పదును నిలువవలెనంటే ఉక్కులో తగినంత కార్బన్ ఉండి, కాచి చల్లార్చి గట్టిపరచి ఉండవలెను. అందుచేత ఉక్కు రకాన్ని పేరుతో చెప్పిన కత్తినే ఎంచుకోవడం మేలు. ఉదాహరణకు జర్మనీ కత్తులపై "ఎక్స్50సీఆర్‌ఎంఓవీ15" అన్న గుర్తు తరచు కనిపిస్తుంది. అందులోని 50 అన్నది సుమారు 0.5 శాతం కార్బన్‌ను, 15 అన్నది సుమారు 15 శాతం క్రోమియాన్ని సూచిస్తాయి. గట్టిదనాన్ని రాక్‌వెల్ అనే కొలతలో చెబుతారు. సామాన్య గృహానికి 54 నుండి 58 వరకు ఉన్నది చాలును. జపాను కత్తులలో 60 దాటినవి ఉన్నవి. వాటి పదును ఎక్కువ కాలం నిలుస్తుంది గాని, ఎముకపై కొట్టినా, గట్టి గుమ్మడిపై వంచినా అంచు పెచ్చులూడవచ్చును.

కొన్ని ప్రకటనలలో "డమాస్కస్" అన్న పేరు, అలుగుపై అలల గీతలు కనబడతాయి. పూర్వం ఆ పేరుతో ప్రసిద్ధికెక్కిన ఖడ్గాలకు మూలమైన ఉక్కు దక్షిణ భారతం నుండి ఎగుమతి అయినదే. నేటి తెలంగాణలోని నిజామాబాదు ప్రాంతానికి చెందిన కోనసముద్రం ఆ ఉక్కుకు పేరుపొందిన ఊరు. నేడు ఆ పేరుతో అమ్మే వంటకత్తులు సాధారణంగా వేర్వేరు ఉక్కు పొరలను అతికించి చేసినవి. చౌక రకాలలో ఆ గీతలు పైపై ముద్రలు మాత్రమే. గీతలను చూసి అధిక ధర చెల్లించనవసరం లేదు.

పిడి విషయంలో చూడవలసినది ఒక్కటే: అలుగు ఉక్కు పిడి లోపల చివరివరకు పోయి, మేకులతో బిగించబడి ఉన్నదా? సగంలో ఆగినది బరువు పని చేసేటప్పుడు ఊడిపోవచ్చును. ఇక కొలత. కూరలు తరిగేందుకు 6 నుండి 8 అంగుళాల అలుగు గల కత్తి ఒకటి, వెల్లుల్లి ఒలిచేందుకు, పండ్లు కోసేందుకు 3 లేక 4 అంగుళాల చిన్నకత్తి ఒకటి ఉంటే చాలును. కత్తిపీటకు, అనగా తమిళంలో అరువామనైకి, అలవాటుపడిన ఇంటికి పన్నెండు కత్తుల పెట్టె అవసరం లేదు.

ప్రకటనలో ఏమేమి ఉండవలెను?

ప్యాకెట్టు వస్తువులకు వర్తించే తూనికలు, కొలతల నిబంధనలను అనుసరించి, 2018 జనవరి 1 నుండి ఆన్‌లైన్ ప్రకటనలో కూడా తయారీదారు లేక దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ చిల్లర ధర, పరిమాణం, ఫిర్యాదు కొరకు సంప్రదించవలసిన వివరాలు చూపవలెను. విదేశీ వస్తువైతే ఏ దేశంలో తయారైనదో చెప్పవలెను. ఈ వివరాలు లేని కత్తిని, ధర ఎంత తక్కువైనా, విడిచిపెట్టడం ఉత్తమం. "జర్మన్ ఉక్కు" అన్నంత మాత్రాన కత్తి జర్మనీలో చేసినదని అర్థం కాదు. తయారైన దేశం పేరును విడిగా చూడవలెను. జర్మనీలోని జోలింగెన్ పట్టణం పేరుకు మాత్రం 1938 నుండి చట్టరక్షణ ఉన్నది. ఆ ప్రాంతంలో చేసిన కత్తులపైనే ఆ పేరు వేయవలెను.

కొన్నవారి అభిప్రాయాలను చదివేటప్పుడు అయిదు నక్షత్రాలు ఇచ్చినవారి కంటె రెండు, మూడు ఇచ్చినవారి మాటలు ఎక్కువ ఉపయోగపడతాయి. ఆరు నెలలు వాడిన తరువాత వ్రాసినది మొదటి రోజున వ్రాసిన దానికంటె విలువైనది.

వయోపరిమితి ఉన్నదా?

అనేకులకు సందేహం కలిగించే విషయం ఇదే. భారతదేశంలో వంటకత్తిని ఇంత వయస్సు లోపువారికి అమ్మరాదని నిర్దేశించే ప్రత్యేక కేంద్ర చట్టం లేదు. 1959 ఆయుధ చట్టంలోని 9వ సెక్షను 21 ఏండ్ల వయోపరిమితిని విధించినది తుపాకులకు, వాటి తూటాలకు మాత్రమే.

అయితే మరొక దారిలో వయస్సు ప్రశ్న వస్తుంది. కొనుగోలు అనేది ఒప్పందం. 1872 ఒప్పందాల చట్టం 11వ సెక్షను ప్రకారం మైనరుకు ఒప్పందం చేసుకొనే అర్హత లేదు. 18 ఏండ్లు నిండితేనే మేజరు అని 1875 చట్టం చెబుతున్నది. మైనరు ఒప్పందం మొదటి నుండియే చెల్లదని 1903లో మొహరీ బీబీ కేసులో ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పినది. అందువల్లనే ఆన్‌లైన్ అంగళ్లు సాధారణంగా తమ షరతులలో 18 ఏండ్ల నియమం పెట్టుకొంటాయి.

ఆచరణలో ఈ నియమం ఎంతవరకు అడ్డుపడుతుంది? తండ్రి ఫోనులో, తండ్రి పేరున తెరిచిన ఖాతాలో పదునాలుగేండ్ల కుమారుడు ఆర్డరు పెడితే అమ్మేవానికి కనిపించేది తండ్రి పేరే. పార్శిలు తెచ్చినవాడు ఇంటివారిలో ఎవరు తలుపు తీస్తే వారికి ఇచ్చి వెళ్లవచ్చును. పగలంతా పెద్దలు మగ్గం మీదనో, అగ్గిపెట్టెల పనిలోనో, పొలంలోనో ఉండే ఇండ్లలో ఇది ఊహకు అందని సంగతి కాదు.

ఏది వంటకత్తి? ఏది ఆయుధం?

చట్టం వయస్సుతో కాక, వస్తువు దేనికొరకు చేయబడినదన్న దానితో గీత గీసినది. ఆయుధ చట్టంలోని నిర్వచనం నుండి కేవలం గృహ, వ్యవసాయ వినియోగం కొరకు చేసిన వస్తువులను మినహాయించారు. కనుక కూరగాయల కత్తి, కత్తిపీట, కొడవలి, టెంకాయలు కొట్టే కత్తి ఇంటిలో ఉంచుకొనేందుకు లైసెన్సు అక్కరలేదు.

దీనికి భిన్నంగా 2016 ఆయుధ నియమాలలోని అయిదవ వర్గంలో ఖడ్గాలు, బాకులు, ఈటెలు మొదలైన వాటితో పాటు, 9 అంగుళాల కంటె పొడవైన లేక 2 అంగుళాల కంటె వెడల్పైన అలుగు గల కత్తులు చేర్చబడినవి. గృహ, వ్యవసాయ, శాస్త్రీయ, పారిశ్రామిక ప్రయోజనాల కొరకు చేసినవి ఇందులోకి రావు. కేంద్ర ప్రభుత్వం ప్రకటన ద్వారా నిర్దేశించిన ప్రాంతాలలో అటువంటి ఆయుధాలను లైసెన్సు లేక ఉంచుకోవడం శిక్షార్హం. ఇది కేంద్ర చట్టం. పరదరామి దాటి ఆంధ్రప్రదేశ్‌లో అడుగుపెట్టినంత మాత్రాన ఆయుధమన్న మాటకు అర్థం మారదు.

కుర్రవాళ్లను ఆకర్షించేవి వంటకత్తులు కావు. సినిమాలలో చూసిన ఆకారాలు, "అలంకరణ వస్తువు", "సేకరణ కొరకు" అన్న పేర్లతో అమ్మే పొడవాటి కత్తులు, మీట నొక్కితే తెరుచుకొనేవి. ప్రకటనలో అలంకరణ అని వ్రాసినంత మాత్రాన పదునైన బాకు బొమ్మ కాబోదు. దానిని పట్టుకొని ఫోటో దిగి వీథిలోకి పోయిన బాలుడు పోలీసు స్టేషనుకు, అక్కడి నుండి 2015 బాలల న్యాయ చట్టం క్రింద ఏర్పడిన బోర్డు ముందుకు వెళ్లవలసి రావచ్చును. వంటకత్తి అయినా కొట్లాటలో వాడి గాయపరిస్తే 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 118వ సెక్షను క్రింద ప్రమాదకర ఆయుధంతో గాయపరచిన నేరమే అవుతుంది.

విదేశాలకు వెళ్లే పిల్లలకు

ఇంగ్లండులో చదువుకొనేందుకు వెళ్లేవారు అక్కడి చట్టం వేరని తెలుసుకోవలెను. ఇంగ్లండు, వేల్సులలో 18 ఏండ్ల లోపువారికి వంటకత్తి అమ్మడం కూడా నేరం. మొదట 16గా ఉన్న ఈ పరిమితిని 2006 నాటి చట్టం 18కి పెంచినది. స్కాట్లండులో గృహ వినియోగ కత్తులను 16 నిండినవారికి అమ్మవచ్చును. 2019లో వచ్చిన మరొక చట్టం ఆన్‌లైన్‌లో కొన్న కత్తిని ఇంటికి చేర్చేటప్పుడు వయస్సును నిర్ధారించుకొనే బాధ్యతను పెట్టినది. ఇక్కడి నుండి తీసుకొనిపోయేవారు విమానంలో చేతిసంచిలో కత్తి ఉంచరాదు. అలుగుకు అట్ట చుట్టి, లోపలికి అప్పగించే పెట్టెలో పెట్టవలెను.

చిరునామా, ఫిర్యాదు

సరిహద్దు గ్రామాలలో రాష్ట్రం పేరు ఒకటి, పిన్‌కోడ్ మరొకటి పడితే పార్శిలు దారి తప్పుతుంది. గుడియాత్తం పిన్‌కోడ్ 632602. పలమనేరు పిన్‌కోడ్ 517408. తమ తపాలా కార్యాలయం ఏ వైపుదో చూసుకొని వ్రాయవలెను. పార్శిలు విప్పేటప్పుడు వీడియో తీసుకొని, బిల్లు భద్రపరచుకోవలెను.

కత్తి విరిగి వచ్చినా, చెప్పినది కాక వేరొకటి వచ్చినా మొదట అమ్మిన సంస్థ ఫిర్యాదు అధికారికి వ్రాయవలెను. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆ అధికారి 48 గంటలలో ఫిర్యాదు అందినట్లు తెలిపి, ఒక నెలలో పరిష్కరించవలెను. ఫలితం లేకుంటే జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915కు ఫోను చేయవచ్చును. తెలుగులోను, తమిళంలోను మాట్లాడవచ్చును. ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నది. 2019 చట్టం ప్రకారం కొన్నవారు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చును. అమ్మిన సంస్థ ఢిల్లీలో ఉన్నా అక్కడికి పోనవసరం లేదు. 5 లక్షల రూపాయల లోపు విలువకు రుసుము లేదు. రెండేండ్లలోపు వేయవలెను.

ఇంటిలో పాటించవలసినవి

అమ్మేచోట వయస్సు చూసేవారు లేనప్పుడు ఆ పని ఇంటివారిది అవుతుంది. కొనుగోలు యాప్‌కు, డబ్బు చెల్లించే యాప్‌కు పిల్లలకు తెలియని రహస్య సంఖ్య పెట్టవలెను. నెలకొకసారి ఆర్డర్ల జాబితాను తెరిచి చూడవలెను. కత్తి వంటి వస్తువుకు ఓటీపీ చెప్పి తీసుకొనే పద్ధతి ఉంటే దానినే ఎంచుకొని, పెద్దలు ఇంట ఉండే రోజున రప్పించుకోవలెను. కుమారుడు పొడవాటి కత్తి ఏదైనా తెప్పించినట్లు తెలిస్తే, కోపంతో కొట్టడం కంటె వెంటనే తిరిగి పంపి, చట్టం సంగతి విడమరచి చెప్పడం మేలు.

వంటకత్తిని మాత్రం పిల్లలకు పూర్తిగా నిషేధించనక్కరలేదు. పక్కన పెద్దలుండగా చిన్నకత్తితో బెండకాయలు, అరటిపండ్లు కోయడం నేర్పవచ్చును. వేళ్ల కొనలు లోపలికి ముడిచి కూరను పట్టుకోవడం, కత్తి జారిపడితే పట్టుకోబోకుండా కాలు వెనుకకు తీసుకోవడం, ఇతరులకు ఇచ్చేటప్పుడు పిడి వారి వైపు ఉంచడం మొదట నేర్పవలసిన మూడు పాఠాలు. మొద్దుబారిన కత్తికి ఎక్కువ బలం పెట్టవలసి వస్తుంది; బలం పెట్టినప్పుడే అది జారి చేయి తెగుతుంది. కనుక వీథిలోకి సాన పట్టేవారు వచ్చినప్పుడు గాని, ఇంటిలోని సానరాతిపై గాని పదును పెట్టించి, పని ముగిసిన వెంటనే కడిగి తుడిచి, పసిపిల్లలకు అందని ఎత్తులో ఉంచవలెను.