ఆపి ఉంచిన లింకు

కొంపల్లి నుంచి మేడ్చల్ వెళ్లే దారిలో, కండ్లకోయ కూడలి దగ్గర, 2018లో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పూర్తయింది. 158 కిలోమీటర్ల వలయంలో ఆఖరి ముక్క అదే. రోడ్డుకు వలయం మూసుకుంటే మేలు. ఫ్యాక్టరీలోని ఈథర్నెట్‌కు అదే ముప్పు. 1973లో జెరాక్స్ పరిశోధనశాలలో ఈథర్నెట్ పుట్టినప్పుడు అది అందరూ పంచుకునే ఒకే కేబుల్. దాని ఫ్రేముకు, అంటే డేటా పొట్లానికి, ఇన్ని మజిలీలు దాటాక ఆగిపోవాలన్న లెక్క లేదు. స్విచ్‌లను గుండ్రంగా కలిపేస్తే ఒక్క బ్రాడ్‌కాస్ట్ ఫ్రేము తిరుగుతూనే ఉండి, నకళ్లు పెరిగి, క్షణాల్లో నెట్‌వర్క్‌ను ముంచేస్తుంది. ఒక దారి తెగినా పని సాగాలని అదనపు కేబుల్ వేయడం సులువైన పనే. ఒక లింకును ఆపి ఉంచి, అవసరమైన క్షణాన వదలడంలోనే ఈ విద్య అంతా ఉంది.

ఆ పనికి మొదటి గట్టి పద్ధతి 1985లో రాడియా పెర్ల్‌మన్ రూపొందించిన స్పానింగ్ ట్రీ. 1990లో అది ప్రమాణమైంది. కాని తెగిన దారికి బదులు దారి తెరవడానికి దానికి 30 నుంచి 50 సెకన్లు పట్టేది. ఆఫీసులో ఈమెయిల్ అంతసేపు ఆగుతుంది, నడుస్తున్న యంత్రం ఆగదు. 1990ల చివర్లో జర్మనీకి చెందిన హిర్ష్‌మన్ కంపెనీ ఒక స్విచ్‌కు కాపలా అప్పగించింది. అది రెండు వైపులా పరీక్ష ఫ్రేములు పంపుతుంది. అవి చుట్టి తిరిగి వచ్చినంతసేపూ తన ఒక పోర్టును మూసే ఉంచుతుంది, రాకపోతే తెరుస్తుంది. ఈ ఆలోచనే ఎంఆర్‌పీ (మీడియా రిడండెన్సీ ప్రోటోకాల్)గా అంతర్జాతీయ ప్రమాణంలోకి వచ్చింది. 50 స్విచ్‌ల రింగు 200 మిల్లీసెకన్లలో కోలుకోవాలన్నది అందులో ఒక స్థాయి. 2001లో వచ్చిన వేగవంతమైన స్పానింగ్ ట్రీ చాలదా అని అడగవచ్చు. చాలాసార్లు చాలుతుంది. అయితే యంత్రాలు నడిపేవారికి సగటు వేగం కన్నా గరిష్ఠ ఆలస్యం ఎంతో ముందే తెలియడం ముఖ్యం. ఎంఆర్‌పీ ఇచ్చేది ఆ హామీ.

రింగు ఒక్క తెగుదలనే తట్టుకుంటుంది, రెండోది పడితే ఏమిటన్న అభ్యంతరం బలమైనది. రింగు రెండు వైపుల ఫైబర్లూ ఒకే కందకంలో ఉంటే ఒక్క జేసీబీ దెబ్బ చాలు. పల్లెలకు ఫైబర్ తీసుకెళ్లిన భారత్‌నెట్ మొదట ఒకే దారి గీతగా సాగింది. 2023లో కేంద్రం ఆమోదించిన సవరించిన పథకం రింగు పద్ధతికి మారింది. దారులు నిజంగా వేరైతేనే ఆ మార్పుకు ఫలం. ఇంకో ప్రమాదం ఉంది: మొదటి తెగుదలను రింగు సర్దుకుంటుంది గనుక ఎవరికీ తెలియదు. జీడిమెట్ల, మేడ్చల్, జీనోమ్ వ్యాలీ ప్లాంట్ల ఇంజినీర్లారా, రింగు తెగిందన్న అలారాన్ని కంట్రోల్ రూమ్ తెర మీదికి తెండి. ఉత్పత్తి మొదలవక ముందే ఒక్కో కేబుల్ పీకి, కోలుకున్న సమయం రాసిపెట్టండి.