ముళ్ళకంచె ముందు బ్యాగ్‌పైప్: పదహారో బెటాలియన్ పైపర్ల కథ

యుద్ధం అనగానే మనకి తుపాకులు, ట్యాంకులు, జనరల్స్ గుర్తొస్తారు. ఈ ఎపిసోడ్‌లో మాత్రం బ్యాగ్‌పైప్ పట్టుకుని తూటాల మధ్యకి నడిచిన వాలంటీర్ల గురించి చెప్తాను. వీళ్ళు కెనడావాళ్ళు. కాలం మొదటి ప్రపంచ యుద్ధం.

ముందు వాయిద్యం సంగతి. రిపబ్లిక్ డే పరేడ్‌లో మీరు చూసే ఉంటారు. చంకలో ఒక సంచి, భుజం మీదుగా పైకి లేచిన మూడు గొట్టాలు. మన దగ్గర దీనికి చుట్టం లాంటిది ఒకటుంది: మేక తోలుతో చేసే తిత్తి. రెండింటి సూత్రం ఒకటే. ఊదిన గాలి ముందు సంచిలో నిండుతుంది, చేత్తో నొక్కితే గొట్టాల్లోకి వెళ్తుంది. అందుకే వాయించేవాడు ఊపిరి పీల్చుకున్నా పాట ఆగదు. సన్నాయి మేళంలో శ్రుతి పట్టడానికి పక్కన ఇంకో మనిషి కావాలి. స్కాట్లాండ్ బ్యాగ్‌పైప్‌లో ఆ పని భుజం మీది మూడు గొట్టాలే చేస్తాయి. సౌండ్ తగ్గించి వాయించడం అనేదే ఉండదు. అంటే ఒక్క మనిషి, నడుస్తూ, ఆరుబయట, వందల మందికి వినపడేలా వాయించొచ్చు. సైన్యానికి కావాల్సింది సరిగ్గా అదే.

ఇక 1914కి వెళ్దాం. ఆగస్టులో యుద్ధం మొదలైంది. అప్పటికి కెనడాలో నిర్బంధ సైనిక సేవ లేదు, ఆ చట్టం వచ్చింది 1917లో. అప్పటిదాకా వెళ్ళినవాళ్ళంతా తమంతట తాము పేరు ఇచ్చినవాళ్ళే. క్విబెక్ దగ్గర వాల్‌కార్టియర్ అనే క్యాంపులో అందర్నీ పోగు చేశారు. విక్టోరియా, వాంకూవర్, విన్నిపెగ్, హామిల్టన్ ఊళ్ళ నుంచి నాలుగు మిలీషియా రెజిమెంట్ల మనుషులొచ్చారు. మిలీషియా అంటే మామూలు రోజుల్లో ఉద్యోగాలు, పనులు చేసుకుంటూ ఖాళీ టైంలో డ్రిల్ చేసేవాళ్ళు. నాలుగు రెజిమెంట్లకీ నాలుగు రకాల గళ్ళ బట్టలు, అంటే టార్టాన్‌లు. వాళ్ళందర్నీ కలిపితే ఏర్పడిందే పదహారో బెటాలియన్, కెనడియన్ స్కాటిష్. దీని పైపర్లకి మాత్రం లెనాక్స్ అనే వేరే టార్టాన్ వచ్చింది. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, చివర్లో అవసరం పడుతుంది.

పైపర్ల పని పాటతో అయిపోయేది కాదు. ఆ యుద్ధంలో చాలాచోట్ల గాయపడినవాళ్ళని స్ట్రెచర్ మీద మోసింది వీళ్ళే. పైగా దాడిలో ముందు నడిచే పైపర్ శత్రువుకి కనిపిస్తాడు, వినిపిస్తాడు. తిరిగి కాల్చడానికి చేతులు ఖాళీగా ఉండవు.

వాళ్ళలో ఒకడు జేమ్స్ రిచర్డ్‌సన్. 1895లో స్కాట్లాండ్‌లోని బెల్స్‌హిల్‌లో పుట్టాడు. తర్వాత కుటుంబం కెనడా వెళ్ళిపోయింది.

1916 అక్టోబర్ 8. ఫ్రాన్స్‌లో సోమ్ యుద్ధం. లక్ష్యం రెజీనా ట్రెంచ్ అనే జర్మన్ కందకం. తన కంపెనీ ముందు వాయిస్తూ వెళ్తానని రిచర్డ్‌సన్ కమాండింగ్ ఆఫీసర్ దగ్గర పర్మిషన్ తీసుకున్నాడు. తీరా వెళ్ళేసరికి ముళ్ళకంచె గట్టిగా అలాగే ఉంది. కంపెనీ ఆగిపోయింది. పైనుంచి కాల్పులు, చుట్టూ పడిపోతున్న మనుషులు. మిగిలినవాళ్ళకి ధైర్యం జారిపోతోంది. అప్పుడు రిచర్డ్‌సన్ కంచె ముందు అటూ ఇటూ నడుస్తూ వాయించడం మొదలుపెట్టాడు. కంపెనీ మళ్ళీ లేచింది. కంచె దాటి ఆ చోటు పట్టుకుంది.

ఆ తర్వాత అతనికి ఇంకో పని చెప్పారు: గాయపడిన ఒక సైనికుణ్ణి, కొంతమంది ఖైదీల్ని వెనక్కి తీసుకెళ్ళమని. దాదాపు 200 గజాలు వెళ్ళాక పైప్ మర్చిపోయానని గుర్తొచ్చింది. వద్దని గట్టిగా చెప్పినా వినలేదు. దానికోసం వెనక్కి వెళ్ళాడు. మళ్ళీ ప్రాణాలతో కనిపించలేదు. వయసు 20. 1918లో విక్టోరియా క్రాస్ ప్రకటించారు. సమాధి ఫ్రాన్స్‌లోని అడనాక్ సైనిక శ్మశానంలో ఉంది. కెనడా స్పెల్లింగ్‌ని తిరగేస్తే వచ్చిన పేరే అడనాక్.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. ఆ రోజు మొత్తం దాడి ఫెయిలైంది. రెజీనా ట్రెంచ్ పూర్తిగా చేతికొచ్చింది నవంబర్ 11న. ఆ పాట విని లేచినవాళ్ళు లేచి వెళ్ళింది కూడా తూటాల్లోకే. అందుకే ఈ కథని ఒట్టి వీరగాథలా చెప్పాలంటే నాకు మనసు ఒప్పుకోదు. సంగీతానికి మనిషిని లేపే శక్తి ఉందని సైన్యానికి తెలుసు, దాన్ని వాడుకుంది. అది నిజం. వాయిస్తానని అడిగింది, వెనక్కి వెళ్ళింది మాత్రం ఆ కుర్రాడి సొంత నిర్ణయం. అదీ నిజమే. 1917 ఏప్రిల్‌లో విమీ రిడ్జ్ మీదికి కూడా ఈ బెటాలియన్ పైపర్లు వాయిస్తూనే వెళ్ళారు.

మరి ఆ బ్యాగ్‌పైప్ ఏమైంది? 1917లో ఎడ్వర్డ్ బేట్ అనే బ్రిటిష్ ఆర్మీ మతగురువుకి విరిగిపోయి, బురద పట్టిన ఒక పైప్ దొరికింది. యుద్ధం అయ్యాక దాన్ని స్కాట్లాండ్‌లో తను పాఠాలు చెప్పే ఆర్డ్‌వ్రెక్ స్కూల్‌కి తీసుకెళ్ళాడు. ఎవరో పేరు తెలియని పైపర్ గుర్తుగా అది దశాబ్దాలపాటు అక్కడే ఉంది. 2002లో దాని గురించి ఇంటర్నెట్‌లో ఒక పోస్ట్ వచ్చింది. కెనడియన్ స్కాటిష్ రెజిమెంట్ పైప్ మేజర్ దానికి స్పందించాడు. పదహారో బెటాలియన్ వారసత్వం ఇప్పుడు ఈ రెజిమెంట్‌దే. ఆ పైప్ మీదున్న బట్ట లెనాక్స్ టార్టాన్! అక్కణ్ణుంచి తీగ లాగితే, అది రిచర్డ్‌సన్ పైపేనని తేలింది. 2006 నవంబర్‌లో దాన్ని కెనడా తీసుకొచ్చి, విక్టోరియాలోని బ్రిటిష్ కొలంబియా శాసనసభ భవనంలో పెట్టారు.

ఆ రెజిమెంట్ ఇప్పటికీ ఉంది. ఇప్పటికీ రిజర్వ్ దళమే, అంటే వేరే ఉద్యోగాలు, చదువులు ఉండి పేరు ఇచ్చినవాళ్ళది. ఈసారి పరేడ్‌లో పైప్ బ్యాండ్ వెళ్తుంటే, ఆ పైప్‌ల మీదున్న గళ్ళ బట్టని కూడా ఒకసారి చూడండి. 86 ఏళ్ళ తర్వాత ఒక కుర్రాడి పేరు దొరికింది ఆ గళ్ళ వల్లే.