క్రాన్‌బెర్రీ సాస్: పులుపు పండుగ వంటకంగా మారిన వైనం

ఉత్తర అమెరికా ఈశాన్య ప్రాంతపు చిత్తడి నేలల్లో పాకే తీగలకు కాసే ఎర్రని క్రాన్‌బెర్రీ, తెలుగువారి వాక్కాయలాగే, పచ్చిగా కొరికితే పళ్ళు పులిసిపోయే పండు. 1621లో ప్లిమత్ వలసవాసులు, స్థానిక వాంపనోగ్ ప్రజలు కలిసి చేసుకున్న విందులో దీని సాస్ వడ్డించారన్న ప్రచారం ఉన్నా, చక్కెర అరుదైన ఆ కాలంలో అది జరిగి ఉండడం నమ్మశక్యం కాదు. 1796లో వెలువడిన అమీలియా సిమన్స్ వంటల పుస్తకంలో మాత్రం టర్కీ కోడి మాంసానికి తోడుగా ఈ సాస్ ప్రస్తావన స్పష్టంగా కనిపిస్తుంది.

1816 ప్రాంతంలో కేప్ కాడ్‌లోని డెన్నిస్‌లో హెన్రీ హాల్, గాలికి కొట్టుకొచ్చిన ఇసుక కప్పిన చోట తీగలు మరింత ఏపుగా పెరగడం గమనించి సాగుకు బాట వేశాడు. న్యాయవాది మార్కస్ యురాన్ 1912లో సాస్‌ను డబ్బాల్లో నింపి అమ్మడం మొదలుపెట్టాక, డబ్బా గాట్లు ఒంటిమీద అలాగే నిలిచే ఎర్రని జెల్లీ ముద్ద అమెరికా పండుగ భోజనంలో స్థిరపడింది.

అయినా ఇంటి సాస్ పొయ్యి దిగలేదు. చక్కెర నీళ్ళలో పండ్లను మరిగిస్తే, పదినిమిషాల్లో తొక్కలు టపటపా పగిలి, కాయల్లో సహజంగా ఉండే పెక్టిన్, అంటే రసాన్ని గడ్డకట్టించే పదార్థం, చల్లారేకొద్దీ సాస్‌ను చిక్కబరుస్తుంది. అందుకే గిన్నెలో పలచగా ఉందని ఇంకా మరిగిస్తే మిగిలేది సాస్ కాదు, బంకే.