రామ్ మిరియాల

తెలుగు గాయకుడు, స్వరకర్త రామ్ మిరియాల హైదరాబాద్‌లో పుట్టిన ‘చౌరస్తా’ బ్యాండు పాటలతో ముందుగా పేరు తెచ్చుకున్నారు. 2021 నుంచి సినిమా పాటలతో ఇంటింటికీ చేరారు. ఆయన ప్రస్థానాన్ని బ్యాండు నుంచి సినిమాకు ఎదిగిన కథగా చెప్పడం పరిపాటి. పాటలను వరుసగా వింటే మాత్రం, బ్యాండులో కుదిరిన తీరునే సినిమా వెతుక్కుంటూ వచ్చిందని తోస్తుంది. గిటారు పట్టి, రెగే లయ మీద పల్లెపదం ఎత్తుకోవడం చౌరస్తా పద్ధతి. ‘ఊరెళ్ళిపోతా మామా’ నగరంలో ఇమడలేని మనిషి సొంతూరి మీద పెట్టుకున్న బెంగ. 2020లో కరోనా తొలిరోజుల్లో వచ్చిన ‘చేతులెత్తి మొక్కుతా’ ప్రకటనల్లో పొడిగా వినిపించిన జాగ్రత్తలనే ఇంటిమనిషి బతిమాలినట్టు చెప్పింది. సినిమా అండ లేకుండానే అది జనంలోకి వెళ్ళింది.

రెగే, గిటారు అరువు సరుకని, ఇది పట్నపు కుర్రకారు మోజని అనేవారు ఉండవచ్చు. కానీ సినిమాకు బయటి పాటను నెత్తిన పెట్టుకునే అలవాటు తెలంగాణ శ్రోతలకు బ్యాండ్ల కంటే ముందే ఉంది. సిద్దిపేట ప్రాంతపు రసమయి బాలకిషన్ వంటి కళాకారులు 2002 నుంచి తెలంగాణ రాష్ట్ర ఉద్యమపు ‘ధూం ధాం’ వేదికల మీద డప్పు, గజ్జెలతో వేలమంది చేత గొంతు కలిపించారు. ఆ ఉద్యమ వేదికకూ చౌరస్తాకూ గురుశిష్య బంధం అంటగట్టడం అతి అవుతుంది. వాయిద్యాలు వేరు, ఉద్దేశాలూ వేరు. వాడుకమాటనే పాటగా నిలబెట్టవచ్చన్న నమ్మకం మాత్రం రెండింటికీ ఒకటే. పాట ఏ గడ్డదో వాయిద్యాన్ని బట్టి కంటే పలుకుబడిని బట్టి తేల్చడమే న్యాయం.

సినిమాల్లోకి వెళ్ళాక ఆ స్వతంత్రత పోయిందన్న అభ్యంతరం ఇంకాస్త బలమైనది. ‘జాతిరత్నాలు’ (2021)లోని ‘చిట్టి’కి బాణీ రధన్‌ది, సాహిత్యం రామజోగయ్య శాస్త్రిది, అక్కడ రామ్‌ది గొంతు మాత్రమే. అయితే మరుసటి ఏడాది ‘డీజే టిల్లు’ టైటిల్ పాటకు, 2024లో ‘టిల్లు స్క్వేర్’లోని ‘టికెట్టే కొనకుండా’కు స్వరకర్తా గాయకుడూ ఆయనే. రెండింటినీ కాసర్ల శ్యామ్ రాశారు. మధ్యలో 2023లో ‘బలగం’ కోసం, భీమ్స్ సిసిరోలియో బాణీలో, మంగ్లీతో కలిసి ‘ఊరు పల్లెటూరు’ పాడారు. చౌరస్తా రోజుల్లో ఊరికి పోతానన్న గొంతే ఇక్కడ ఊరి నడుమ నిలబడి పాడుతోంది. ఆ పాటకు వేరే గొంతును ఊహించడం కష్టం. పోగొట్టుకున్నదీ లేకపోలేదు. టిల్లు పాట టిల్లుదే, సన్నివేశం దాటి పోలేదు. బ్యాండు పాటలోని పేరులేని మనిషిలో వినేవాళ్ళెవరైనా తమను చూసుకోగలిగారు.