అప్పుల ఊరు

జపానులో యూబరి పేరెత్తితే చాలు, అందరికీ ఖర్బూజాపండే గుర్తొస్తుంది. 2019లో తొలికాపు కాయలు రెండంటే రెండు, సప్పోరో వేలంలో 50 లక్షల యెన్లు పలికాయి! అంత ఖరీదైన పండు పండించే ఊరు అంతకు పన్నెండేళ్ల ముందే దివాలా తీసింది. వ్యాపారస్థులు దివాలా తీయడం విన్నాం గానీ ఊరు దివాలా తీయడమేమిటంటారా? అదే చెప్పబోతున్నాను.

ఉత్తరాన హొక్కైదో దీవిలో, కొండల నడుమ సన్నని లోయలో ఉందీ ఊరు. 1888లో అక్కడ బొగ్గు కనిపించింది. గనులు వచ్చాయి, జనం వచ్చారు. 1943లో నగరమైంది. 1960 నాటికి జనాభా 1,16,000 దాటింది. ఇళ్లు కంపెనీవి, ఆస్పత్రి కంపెనీది, ఆఖరికి స్నానశాలలూ కంపెనీవే. పుట్టింటివాళ్లే అన్నీ అమర్చిపెట్టిన కాపురంలా సాగిపోయింది.

పెట్రోలు వచ్చాక బొగ్గు నడిగేవాళ్లు తగ్గిపోయారు. గనులు ఒక్కొక్కటే మూతపడసాగాయి. ఉన్నవాటిలో కొత్తదైన గనిలో 1981 అక్టోబరు 16న గ్యాసు ఎగజిమ్మి మంటలు లేచాయి. ఆర్పాలంటే గనిలోకి నీళ్లు వదలాలి. లోపల ఇంకా 59 మంది ఉన్నారు! కంపెనీవాళ్లు వాళ్ల కుటుంబాల అంగీకారం అడిగారు. ఏ ఇల్లాలు ఏ నోటితో ‘సరే’ అంటుంది? అనక తప్పలేదు. నీళ్లు వదిలారు. మొత్తం 93 మంది పోయారు.

1990లో చివరి గనీ మూసేశారు. కంపెనీలు వెళ్తూ వెళ్తూ ఇళ్లూ, ఆస్పత్రీ మున్సిపాలిటీ నెత్తిన పెట్టాయి. గనుల మూసివేత తాలూకు ఖర్చే 5,830 కోట్ల యెన్లయింది. 1979 నుంచి 24 ఏళ్లు మేయరుగా ఉన్న నకాతా టెట్సుజీ, బొగ్గు పోతే పోయింది, యాత్రికుల్ని రప్పిద్దామన్నాడు. బొగ్గు మ్యూజియం, వినోదాల పార్కు, సినిమా ఉత్సవం, హోటళ్లు... అన్నీ అప్పుతోనే. ఆయన్నొక్కణ్ణే తిట్టడం న్యాయం కాదనిపిస్తుంది నాకు. చేతులు ముడుచుక్కూర్చుంటే మాత్రం ఊరు నిలిచేదా? తప్పల్లా లెక్కల్లో ఉంది. ఒక చీటీ పాడి ఇంకో చీటీ కట్టినట్టు, ఏడాది చివర బ్యాంకుల దగ్గర తెచ్చి, ఈ పద్దులోంచి ఆ పద్దులోకి మార్చి, లోటు లేనట్టు చూపించారు. 2006లో గుట్టు బయటపడింది. తీర్చవలసింది సుమారు 3,530 కోట్ల యెన్లు!

2007 నుంచి పొదుపు మొదలైంది. మేయరు జీతంలో డెబ్భై శాతం కోత. గ్రంథాలయం మూత. 171 పడకల ఆస్పత్రి 19 పడకల క్లినిక్కయింది. చిన్నపిల్లల బళ్లన్నీ కలిపి ఒక్కటే మిగిల్చారు. బడి దూరమైతే పిల్లలున్నవాళ్లు ఉంటారా? వెళ్లిపోయారు. మనుషులు తగ్గారు గానీ అప్పు తగ్గదు కదా, మిగిలినవాళ్ల తలసరి భారం పెరిగింది. ఇప్పుడక్కడున్నది ఏడువేలమంది లోపే. 2027 మార్చికి బాకీ తీర్చెయ్యాలని ఏర్పాటు.

అన్నట్టు, జపాను భాషలో ‘ఫుసాయి’ అంటే అప్పు. ఆలుమగలన్నా ‘ఫుసాయే’! రాతలో వేరు గానీ పలకడం ఒక్కటే. దివాలా తీసిన మరుసటేడు ఈ ఊరివాళ్లు ఏం చేశారో చూడండి. జపాను నగరాల్లో విడాకులు అతి తక్కువ మా ఊళ్లోనేనని చాటుకుని, ‘యూబరి ఫుసాయి’ అని ఓ మొగుడూపెళ్లాల బొమ్మ గీయించి, దాన్నే ఊరి గుర్తుగా పెట్టుకున్నారు. డబ్బు లేకపోయినా ప్రేముందంటూ ఆ బొమ్మ వేసిన వస్తువులు యాత్రికులకు అమ్మారు.