తాడు పట్టిన చెయ్యి

‘మాయాబజార్’ నాటకంలో ఘటోత్కచుడు పెళ్లి వంటల ముందు చేరతాడు. చెయ్యి కదపడు. పళ్లెంలోని లడ్డూ దానంతటదే లేచి, గాలిలో తేలుతూ వచ్చి నోట్లో పడుతుంది. పిల్లలు కేకలు పెడతారు. పెద్దలు పక్కవాళ్ల వంక చూసి నవ్వుతారు. ఇదే కథను 1957లో కె.వి. రెడ్డి సినిమాగా తీసినప్పుడు మార్కస్ బార్ట్లే కెమెరాకు రెండో టేకు, మూడో టేకు వీలయ్యాయి. సురభి నాటక సమాజం వాళ్ల ఆటలో ఉన్నదల్లా ఒక సన్నని దారం, వింగు చాటున దాన్ని ఆడించే ఒక మనిషి. లడ్డూ నోటికి బదులు ముక్కుకు తగిలితే ఇక చేసేదేమీ లేదు.

అన్ని ఆటలకూ ఇలా చాటున ఉండే మనిషి అక్కర్లేదు. హైదరాబాదు ఉత్తరపు అంచున మేడ్చల్ మీదుగా పోయే రోడ్డు నిజామాబాదుకు, శామీర్‌పేట మీదుగా పోయేది కరీంనగరుకు దారితీస్తాయి. ఆ రెండు దారులూ చేరేది బాగోతాల సీమకే. చెర్విరాల భాగయ్య రాసిన యక్షగానాలు ఆడినా, బాగోతాలాడే చిందు కళాకారులు వచ్చి ఆడినా, పల్లెలో రంగస్థలం కట్టే పని పెద్దగా ఉండేది కాదు. గుడి ముందు ఖాళీ జాగా చాలు. ఏ చెట్టు కిందో, ఎవరింటి అరుగు మీదో కూర్చుని మొహానికి అర్దళం పూసుకుంటుంటే ఊరి పిల్లలు చుట్టూ మూగేవాళ్లు. రాజు ఎలా తయారవుతున్నాడో ఆట మొదలుకాక ముందే వాళ్లకు తెలుసు.

ఇక తెర అంటే ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకున్న గుడ్డ. దాని వెనక పాత్రధారి నిలబడతాడు, ప్రవేశ దరువు సాగుతుంది, కాళ్ల గజ్జెలు మాత్రం కింద కనిపిస్తుంటాయి. రాక్షసుడు వస్తున్నాడంటే కాగడా మీద గుప్పెడు గుగ్గిలం పొడి చల్లుతారు, మంట భగ్గుమంటుంది. చల్లినవాణ్ని అందరూ చూస్తూనే ఉంటారు, అయినా ఉలిక్కిపడతారు. చిందు యక్షగానానికి జీవితాన్ని అంకితం చేసిన గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. దాచుకోవడానికి ఏమీ లేని ఆ నాటకానికి తెర వెనక అంటూ వేరే లోకం లేదు.

సురభి లోకం పూర్తిగా దానికి ఎదురు. మేడ్చల్ నుంచి ఔటర్ రింగు రోడ్డెక్కి పడమటికి తిరిగితే శేరిలింగంపల్లిలో సురభి కాలనీ వస్తుంది. అక్కడి కుటుంబాలకు పెద్దల నుంచి వచ్చిన ఆస్తి ఏదంటే తెర వెనక పనే అనాలి.

వాళ్ల పూర్వీకులు తోలుబొమ్మలు ఆడించేవాళ్లు. మహారాష్ట్ర నుంచి తెలుగునాట చేరి, ఇంట్లో ఆరె మరాఠీ, ఆటలో తెలుగు మాట్లాడినవాళ్లు. తోలుబొమ్మలాటలో మనిషి ప్రేక్షకుడి కంటపడడు. తెల్లగుడ్డ వెనక దీపం, దీపానికీ గుడ్డకూ మధ్య బొమ్మ, బొమ్మ వెనక అతను. చేతులు బొమ్మను ఆడిస్తాయి, గొంతు రాముడికీ రావణుడికీ మారుతుంది, యుద్ధం వస్తే కాళ్లు కింది చెక్కను దడదడలాడిస్తాయి. పాట, మాట, చప్పుడు, వెలుగు అన్నీ ఒక్క కుటుంబమే చూసుకోవాలి. ఆడవాళ్లు కూడా అందులో సగం పని చేసేవాళ్లు.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ఆ గుడ్డను దాటి ముందుకొచ్చాడు. బొమ్మల స్థానంలో మనుషుల్ని నిలిపి ‘కీచక వధ’ ఆడించాడు. ధార్వాడ కంపెనీల నాటకాలు తెలుగువాళ్లకు రుచి చూపిన దశకమది. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు కూడా ఆ రోజుల్లోనే తెలుగు నాటకాలు రాసి ఆడించడం మొదలుపెట్టాడు. అయితే చదువుకున్నవాళ్ల సమాజాలకు, ఈ కుటుంబానికి ఒక తేడా ఉంది. సమాజాల్లో స్త్రీ పాత్రలు మగవాళ్లవే. స్థానం నరసింహారావు సత్యభామగా పేరు తెచ్చుకున్నది ఆ పద్ధతిలోనే. సురభిలో ఆడపాత్రలు ఆడవాళ్లే వేశారు. దాన్ని సంస్కరణ అని ఇప్పుడు మెచ్చుకుంటాం, మెచ్చుకోవలసిందే. కానీ బొమ్మలాటలో అప్పటికే గొంతు కలుపుతున్న ఇల్లాలు తెర ఇవతలికి రావడం ఆ ఇంటికి అంత వింతగా తోచి ఉండదు. ఆ ఇంటి నుంచే వచ్చిన సురభి కమలాబాయి 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి అయింది.

మనిషి తెర ముందుకొచ్చినా దారాలు వెనకే ఉండిపోయాయి. ఆ దారాలే ముదిరి తాళ్లు, తీగలు, కప్పీలు అయ్యాయి. నారదుడు మబ్బుల్లోంచి దిగాలంటే పైన దూలానికి కప్పీ ఉండాలి, తాడు బిగించి వదిలే చేతులకు అతని బరువు తెలిసి ఉండాలి. యుద్ధ ఘట్టంలో రెండు బాణాలు చెరో వింగులోంచి బయల్దేరి నడిమధ్యన ఢీకొని నిప్పులు రాలుస్తాయి. బాణం ఎగరదు, కంటికి ఆనని సన్నని తీగ మీద జారుతుంది. రెండు వైపుల వాళ్లూ ఒకే తాళానికి వదలాలి. ఒకరు అర సెకను ఆలస్యం చేస్తే అర్జునుడి బాణం మధ్యలో ఒంటరిగా నిలిచిపోతుంది.

తెరల సంగతి చెప్పాలంటే ఇంకో పేజీ కావాలి. దర్బారు, అడవి, వీధి, తోట, ఒక్కొక్కటీ రంగులు వేసిన పెద్ద గుడ్డ, తాడు లాగితే చుట్టుకుంటూ పైకి పోతుంది. పార్శీ కంపెనీలు దేశమంతా వాడిన కిటుకు ఇక్కడా ఉంది. ముందువైపు వీధి తెర దించి దాని ముందు చిన్న రంగమో హాస్యమో నడిపిస్తారు. వెనక సింహాసనం మోస్తున్న అలికిడి జనం నవ్వులో కలిసిపోతుంది. తెలుగు నాటకంలో హాస్యగాడు ఎందుకంత సేపు ఉంటాడని విసుక్కునేవాళ్లు ఒకసారి ఆ తెర వెనక నిలబడి చూడాలి.

దీనికంతటికీ జీతగాళ్లను పెట్టుకుంటే ఏ కంపెనీ బతకదు. సురభి బతికింది ఇల్లూ కంపెనీ ఒకటే కావడం వల్ల. చంటిబిడ్డ బాలకృష్ణుడు, కాస్త పెరిగితే ప్రహ్లాదుడు లేదా లవుడు, మీసం వస్తే నాయకుడు, గొంతు బరువెక్కితే కంసుడు. ఏ వయసులోనైనా తన రంగం లేనప్పుడు తాడు దగ్గర ఉండాలి. పెళ్లిళ్లతో కుటుంబాలు పెరిగి చీలినకొద్దీ కొత్త సమాజాలు పుట్టాయి. 1937లో మొదలైన వేంకటేశ్వర నాట్యమండలి వాటిలో ఒకటి. ఒకప్పుడు పదుల సంఖ్యలో ఉన్న సమాజాలు సినిమా, ఆ తర్వాత టీవీ వచ్చాక వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే మిగిలాయి.

1990లలో కన్నడ దర్శకుడు బి.వి. కారంత్ వచ్చి వాళ్లతో పనిచేశాడు. ‘భీష్మ’ చేయించాడు. జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ రాసిన సెజువాన్ మంచి మనిషి కథను ‘బస్తీ దేవత యాదమ్మ’గా మార్చి ఆడించాడు. దేవుళ్లను తీగల మీద దింపడం వెన్నతో పెట్టిన విద్య అయినవాళ్లకు, దేవుళ్లు కాలినడకన ఊళ్లోకొచ్చి మంచి మనిషి కోసం వెతుక్కునే నాటకం దొరికింది. వేంకటేశ్వర నాట్యమండలిని నడిపిన ఆర్. నాగేశ్వరరావును నాటకరంగమంతా బాబ్జీ అనే పిలిచేది. ఆయనకు 2013లో పద్మశ్రీ వచ్చింది. 2022లో కన్నుమూశాడు.

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని లలిత కళాతోరణంలో ఈ నాటకాలు చూసినవాళ్లకు గుర్తుండేది ఘటోత్కచుడు, శశిరేఖ. చివర్లో నటీనటులంతా వచ్చి వరసగా నిలబడి దండం పెట్టినప్పుడు, నారదుణ్ని మోసిన చేతులేవో కనిపెట్టడం కష్టం. అవి కూడా ఆ వరసలోనే, ఏ యాదవ వీరుడి వేషంలోనో ఉంటాయి.