సత్యం షేర్ ధరకి 20 రోజులు తెలియని ఒక మెయిల్

ఈ ఎపిసోడ్‌లో సత్యం కంప్యూటర్స్ గురించి మాట్లాడుకుందాం. "ఆ స్కామ్ మాకు తెలుసులే బ్రో" అంటారేమో. రామలింగరాజు గారి లెటర్ గురించి అందరూ చెప్తారు. నేను చెప్పబోయేది దానికి 20 రోజుల ముందు వచ్చిన ఒక మెయిల్ గురించి.

అప్పుడు నేను ఏడో తరగతి. మా వీధిలో ఎవరికైనా సత్యంలో జాబ్ వస్తే స్వీట్లు పంచేవాళ్లు. 2008 సెప్టెంబర్‌లో ఆ కంపెనీకి కార్పొరేట్ గవర్నెన్స్‌ కింద గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, అప్పుడు ఎవరూ నవ్వలేదు.

స్టాక్ మార్కెట్ మీద ఒక ఫేమస్ థియరీ ఉంది. 1970లో యూజీన్ ఫామా రాసిన పేపర్‌తో బాగా పాపులర్ అయింది, 2013లో ఆయనకి నోబెల్ కూడా వచ్చింది. సింపుల్‌గా చెప్పాలంటే, బయట అందరికీ తెలిసిన సమాచారం షేర్ ధరలో అప్పటికే కలిసిపోయి ఉంటుంది. దీనికి పైన ఇంకో మెట్టు ఉంది, స్ట్రాంగ్ ఫామ్ అంటారు. లోపలివాళ్లకి మాత్రమే తెలిసిన రహస్యాలు కూడా ధరలో ఉంటాయని. ఈ రెండూ సత్యం మీద పెట్టి చూద్దాం.

2008 డిసెంబర్ 16. మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రా అనే రెండు కంపెనీలని దాదాపు 160 కోట్ల డాలర్లకి కొంటామని సత్యం ప్రకటించింది. సత్యం స్పెల్లింగ్‌ని ఇంగ్లీష్‌లో వెనక నుంచి చదవండి, మేటాస్ వస్తుంది. రాజు గారి కుటుంబానికి చెందిన కంపెనీలే అవి. అదే రోజు న్యూయార్క్‌లో సత్యం ఏడీఆర్ సగానికి పైగా పడిపోయింది. గంటల్లోనే డీల్ రద్దు చేసినా, 17న మన దగ్గర షేర్ 30 శాతం పడి 158 రూపాయల దగ్గర ఆగింది. బయటికొచ్చిన వార్తని మార్కెట్ ఎంత ఫాస్ట్‌గా మింగిందో చూశారా?

కానీ ఇన్వెస్టర్లు అనుకుంది ఏంటి? "ఐటీ కంపెనీ డబ్బు తీసుకెళ్లి సొంతవాళ్ల రియల్ ఎస్టేట్‌లో పోస్తున్నారు" అని. అక్కడ పోయడానికి డబ్బే లేదని ఎవరికీ తట్టలేదు. లెక్కల్లో ఉన్న ఉత్తుత్తి ఆస్తుల ప్లేస్‌లో నిజం ఆస్తులు పెట్టడానికి ఆ డీల్ ఆఖరి ప్రయత్నం అని తర్వాత రాజు గారే రాశారు. మార్కెట్ తనకి తెలియకుండానే ఆ ఆఖరి తలుపు మూసేసింది!

సరిగ్గా మర్నాడు, డిసెంబర్ 18న, డైరెక్టర్ కృష్ణ పాలెపుకి మారుపేరుతో ఒక మెయిల్ వచ్చింది. ఆయన హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్. సత్యం దగ్గర చూపిస్తున్నంత నగదు లేదని, బ్యాంకులని అడిగితే తేలిపోతుందని ఆ మెయిల్ సారాంశం. అది మిగతా బోర్డు వాళ్లకీ, ఆడిటర్లకీ కూడా చేరింది. మరి షేర్ ధర? మధ్యలో కాస్త దిగినా, జనవరి 6కి 179 రూపాయల దగ్గరుంది. అంటే మెయిల్ రాకముందు కంటే ఎక్కువే! ఆ రోజుల్లో కొన్నవాళ్లని తలుచుకుంటే నాకు కడుపులో తిప్పేస్తుంది.

జనవరి 7న లెటర్ బయటికొచ్చింది. పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు అసలు లేనే లేవు. ఆ రోజు సాయంత్రానికి షేర్ 40 రూపాయలు.

కోడ్ రాసే వాడిగా నన్ను ఆపేసిన డీటెయిల్ ఇది. సీబీఐ 7,561 దొంగ ఇన్‌వాయిస్‌లు బయటపెట్టింది. ఇన్‌వాయిస్ సిస్టమ్‌లో సూపర్ యూజర్ లాగిన్‌తో వాటిని ఎక్కించి, 'హైడ్' అనే అర్థంతో 'హెచ్' ఫ్లాగ్ పెట్టేవాళ్లు. ప్రాజెక్ట్ వాళ్లకి అవి స్క్రీన్ మీద కనిపించవు, ఫైనాన్స్ లెక్కల్లో మాత్రం ఆదాయంగా కలుస్తాయి. ఇలాంటిది ఏ ఎనలిస్టు ఎక్సెల్ షీట్‌కి దొరుకుతుంది చెప్పండి? ఆ స్క్రీన్ చూసిన మనిషి ఎవరో ఒకరు నోరు తెరవాలి. లేదా ఆడిటర్ నేరుగా బ్యాంకుకి ఫోన్ చేయాలి.

ఆ ఏడాది ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా షేరుకి 58 రూపాయల చొప్పున కంపెనీని దక్కించుకుంది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ స్పెషల్ కోర్టు రాజు గారితో సహా పది మందికి ఏడేళ్ల శిక్ష వేసింది. వాళ్లు అప్పీల్‌కి వెళ్లారు, మే నెలలో బెయిల్ వచ్చింది.

మరి ఇలా మెయిల్ పెట్టేవాళ్ల సంగతి? 2008లో లిస్టెడ్ కంపెనీలకి విజిల్‌బ్లోయర్ పాలసీ తప్పనిసరి కాదు, ఇష్టముంటే పెట్టుకోవచ్చు అంతే. 2013 కంపెనీల చట్టంతో తప్పనిసరి అయింది. 2019లో సెబీ సమాచారం ఇచ్చినవాళ్లకి క్యాష్ రివార్డు కూడా తెచ్చింది. కాకపోతే అది ఇన్‌సైడర్ ట్రేడింగ్ కేసులకే. 'హెచ్' ఫ్లాగ్ ఇన్‌వాయిస్‌ల గురించి చెప్పే ఉద్యోగికి ఆ స్కీమ్ కింద రూపాయి కూడా రాదు.